రెండు అట్టముక్కల మధ్య

అక్టోబరు 12

వదిన గారికి,

నమస్కారం. మొన్న ఫోను పెట్టేస్తూ, "నీ గొంతు కన్నా నీ కుట్టుమిషను చప్పుడే ఎక్కువ వినిపిస్తోంది, ఏదైనా ఉంటే రాసి పడెయ్" అన్నారు. రాసి పడేస్తున్నాను. తప్పులుంటే మీ హెడ్ మిస్ట్రెస్ కళ్లు కాసేపు మూసుకోండి.

సంగతి గువ్వ గురించే. ఏడాదిగా దాన్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నానని మీకు తెలుసు. ఎందుకో మాత్రం మీకు సరిగ్గా చెప్పలేదు. అడిగిన దానికి జవాబు దాని దగ్గర ఉంటుంది వదినా, కాకపోతే కాస్త నెమ్మదిగా వస్తుంది. అది నోరు తెరిచేలోపు టీచరు పక్కపిల్ల దగ్గరికి వెళ్లిపోయేది. ఆవిడ తప్పని కాదు, ఆవిడకి యాభై మంది. అలా జరిగి జరిగి ఇది నోరు తెరవడమే మానేసింది. చివరికి ఇంట్లో కూడా మంచినీళ్లు కావాలంటే గ్లాసు చూపించేది. ఏడేళ్ల పిల్ల అలా గ్లాసు చూపిస్తుంటే ఇక బడి మాన్పించేశాను.

ఇప్పుడు అది వాగుడుకాయ. నమ్మరు కదా? ఆ ఘనత ఒక ఆటది. నేను కుట్టే యూనిఫారం చొక్కాల మడతల్లో పెట్టే అట్టలుంటాయి చూడండి, వాటిని చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో మాట రాశాం. గొడుగు, చీమ, జ్వరం, తాళంచెవి, అలా. బోర్లా పేర్చి రెండు తీయాలి. ఆ రెండింటికీ లంకె ఏమిటో చెప్పాలి. ఆ లంకె వాటికే అతికినట్టుండాలి. "రెండూ ఇంట్లో ఉంటాయి" అంటే కుదరదు, ఇంట్లో సవాలక్ష ఉంటాయి. విన్నవాళ్లలో ఒక్కరైనా "అవును సుమా" అంటే అట్టలు నీవి. పై అంతస్తులో నర్సు గారు కూడా తన ఇద్దరు పిల్లల్నీ ఇంట్లోనే చదివిస్తారు. సాయంత్రం నా కత్తిరింపుల బల్ల చుట్టూ చేరి ఆడతారు. మొన్న గువ్వకి "సబ్బు", "పెన్సిలు" వచ్చాయి. చాలాసేపు చూసి, "వాడితేనే పనికొస్తాయి, వాడితేనే అయిపోతాయి" అంది. నర్సు గారు వింటూ వింటూ మందుల సంచీ కింద పెట్టి కూర్చుండిపోయారు.

అసలు విషయం ఇది. జూన్‌లో కొత్త తరగతులు మొదలవుతాయి, డిసెంబరులోనే పేర్లు రాసుకుంటారు. మళ్లీ బడిలో వేసేద్దామంటారు మీ తమ్ముడు. ఇంకొక్క ఏడాది ఆగుదామని నేను. చివరికి "మా అక్క సరే అంటే సరే" అన్నారు. ఆయన మీ మాట దాటరు. నా పిల్ల గొంతు మీ చేతిలో ఉంది వదినా. బాగా ఆలోచించి చెప్పండి.

అన్నయ్య గారిని అడిగానని చెప్పండి. కొన్ని అట్టముక్కలు పెడుతున్నాను, మీరూ ఆడి చూడండి.

మీ మరదలు

---

అక్టోబరు 21

మరదలు పిల్లకి,

దీవెనలు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ఊరికే అనలేదు పెద్దలు. ఊళ్లో పిల్లలందరికీ బడి బట్టలు కుట్టిపెడతావు, నీ పిల్లని మాత్రం బడికి పంపవు. ఈ మాట మా టీచర్ల గదిలో అంటే అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదులే, నా మేనకోడలు కదా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గ్లాసు సంగతి దగ్గర ఆగిపోయాను. నాకు ముందే చెప్పి ఉండాల్సింది.

కానీ ఆటతో చదువొస్తుందంటే నా దగ్గర పప్పులుడకవు. ముప్ఫై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్నాను. తల్లి దగ్గర గలగలా మాట్లాడే పిల్ల పరాయివాళ్ల దగ్గర పిల్లి అవుతుంది. కాబట్టి ఒక పని చెయ్. కింద నేను కొన్ని జతలు రాస్తున్నాను. నువ్వు చెప్పకుండా, దానిచేత సొంతంగా జవాబులు రాయించి పంపు. అవి చూసి తమ్ముడికి నా మాట చెప్తాను. తాళంచెవి, చెంచా. లిఫ్టు, జ్వరం. నీ సబ్బు, పెన్సిలు కూడా ఉండనీ, కాగితం మీద ఎలా రాస్తుందో చూస్తాను. నాన్న, ఈదురుగాలి. మిగతావి వెనకవైపున్నాయి.

మీ అన్నయ్య నీ అట్టముక్కలు తను పనిచేసే మందుల షాపుకి పట్టుకెళ్లారు. మనిషితో మాట్లాడాలన్నా డాక్టరు చీటీ అడిగే రకం, నిన్న భోజనాల దగ్గర హఠాత్తుగా "చీమా, గుమాస్తా" అన్నారు. ఏమిటని అడిగితే, "ఇద్దరికీ బరువు తమది కాదు, మోత తమది" అన్నారు. నేను ఇంకో ముద్ద కలుపుకుని ఊరుకున్నాను. అవును సుమా అని మాత్రం అనలేదు.

మీ వదిన

---

నవంబరు 3

వదిన గారికి,

మీ పరీక్ష కాగితం చేరింది. గువ్వ దాన్ని నాకు చూపించకుండా కిటికీ దగ్గర కూర్చుని రాసింది. నేను కాలర్లు కుట్టుకుంటూ దొంగచూపులు చూశాను కానీ ఒక్క ముక్క చెప్పలేదు, మీ మీద ఒట్టు. రాయడం పూర్తయ్యాక, "అత్త మంచి జతలిచ్చింది, అత్తకి ఆట వచ్చు" అని నాకు కితాబిచ్చింది. మీకోసమే రాశానని కింద పువ్వు కూడా వేసింది.

కొన్ని చదివి నేనే ఆశ్చర్యపోయాను. లిఫ్టుకీ జ్వరానికీ ఏం రాసిందో చూడండి: "రెండూ ఎక్కుతాయి, దిగుతాయి. మధ్యలో ఆగిపోతే ఎవరినైనా పిలవాలి." తాళంచెవి, చెంచా: "రెండూ లోపలికెళ్లి పని చేసుకుని బయటికి రావాలి. లోపలే ఉండిపోతే అందరూ వెతుకుతారు." ఇవి నా బుర్రలోంచి వచ్చేవి కావు. నాకైతే రెండూ స్టీలువే అని తడుతుంది. ఈ పిల్ల వస్తువుల్ని చూసే తీరు చూస్తుంటే, నేను ఇన్నాళ్లూ ఈ ఇంట్లో కళ్లు మూసుకుని తిరిగానా అనిపిస్తోంది.

లెక్కలు కూడా నడుస్తున్నాయి, బెంగ పడకండి. గుండీలు పన్నెండేసి కట్టలు కట్టేది అదే.

ఇక మీ తమ్ముడి సంగతి. కొత్త భవనాల్లో లిఫ్టులు బిగిస్తున్నారు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఆయన గురించి రాయడం మొదలుపెడితే ఈ కాగితం చాలదు, వదిలేయండి.

అన్నయ్య గారి చీమకి మా బల్ల మొత్తం "అవును సుమా" అంది. ఆ అట్టలు ఆయనవే అని చెప్పండి.

మీ మరదలు

---

నవంబరు 10

మరదలా,

ముందు దిద్దిన కాగితం సంగతి. దీనితో పంపుతున్నాను. దస్తూరి బాగుంది. జవాబులు మాత్రం సగం కూడా సరిగ్గా లేవు. సరైనవి పక్కన ఎర్ర సిరాతో రాశాను, చూసి నేర్చుకోమను. సబ్బు, పెన్సిలు: రెండూ నిత్యావసర వస్తువులు. తాళంచెవి, చెంచా: రెండూ లోహంతో చేసినవి. లిఫ్టు, జ్వరం: సంబంధం లేదు. నేనే పొరపాటున ఇచ్చినట్టున్నాను. అది తెలివైనదే, నాకు అనుమానం లేదు. కానీ పరీక్షలో ఇలా రాస్తే ఎవరు మార్కులు వేస్తారు?

ఇప్పుడు అసలు సంగతి. మనసులో ఏదీ దాచుకోకుండా చదువు.

"నాన్న, ఈదురుగాలి" దగ్గర అది రాసింది ఇది: "రెండూ వస్తున్న చప్పుడు వినగానే అమ్మా నేనూ బల్ల మీదవన్నీ గబగబా తీసి దాచేస్తాం." అది చదివి ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. దానికి తోడు ఆయన గురించి రాస్తే కాగితం చాలదు, వదిలేయండి అని నువ్వు. వదిలేయడానికి వాడు ఎవరో కాదు, నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడు. తాగుతున్నాడా? చెయ్యి చేసుకుంటున్నాడా? పిల్ల నోరు మూసుకుపోవడానికి బడే కారణమని నువ్వన్నావు. ఇల్లు కాదని నాకు నమ్మకం కలగడం లేదు.

వాడికి విడిగా ఒక ఉత్తరం రాశాను. గట్టిగానే రాశాను. ఆడవాళ్లు భయపడి వస్తువులు దాచుకునే ఇంట్లో మగతనం ఎవరికి చూపిస్తున్నావురా అని అడిగాను. నువ్వు ధైర్యంగా ఉండు. మీ అన్నయ్య మాత్రం "తొందరపడకు, పిల్ల పువ్వు వేసింది కదా" అంటున్నారు. ఆయనకి ఏమీ తెలీదు.

మీ వదిన

---

నవంబరు 19

వదిన గారికి,

నాలుగు రోజులుగా రాద్దామని కూర్చోవడం, లేవడం. కోపంగా ఉన్నప్పుడు కత్తెర పట్టకూడదని మా కుట్టు మేష్టరు నేర్పారు. పెన్ను కూడా పట్టకూడదని నేను నేర్చుకున్నాను.

మీ తమ్ముడు తాగరు. చెయ్యెత్తరు. అసలు మనిషి గొంతే పెద్దది చేయరు. ఆయన చేసే పాపం ఒకటే. ఇంట్లోకి వస్తూనే, చూడకుండా, గ్రీజు కారే ఆ పనిముట్ల సంచీని తెచ్చి నా కత్తిరింపుల బల్ల మీద ధన్‌మని పెడతారు. రెండు నెలల కిందట తెల్ల చొక్కాలు ఒక దొంతర దొంతరే నాశనం చేశారు. అప్పట్నుంచి మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు వినబడగానే నేనూ గువ్వా ఒక్క ఉదుటున గుడ్డలు తీసి బీరువాలో పెట్టేస్తాం. ఇద్దరం పోటీ పడతాం, నవ్వుతాం కూడా. ఈదురుగాలి వచ్చినా అంతే, కాగితంతో కత్తిరించిన కొలతలన్నీ ఎగిరిపోతాయి. పిల్ల ఉన్నది ఉన్నట్టు రాసింది. ఆయన గురించి కాగితం చాలదని నేను రాసింది ఈ గ్రీజు మరకల గురించే. మీతో తమ్ముడి మీద చాడీలు చెప్పుకోవడం మనకి మామూలే కదా అనుకున్నాను.

మీ ఉత్తరం ఆయన గుమ్మంలోనే నిలబడి చదివారు. చదివి, "నేనేం చేశాను?" అని అడిగారు. నాకప్పటికి మీ ఉత్తరం రానేలేదు. నేనే మీకు ఏదో నూరిపోశాననుకున్నారు. ఆ రాత్రి ఎవరమూ అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు, "పిల్లని డిసెంబరు ఆరున బడిలో చేర్పించడానికి తీసుకెళ్తున్నాను. ఇంట్లో కూర్చోబెట్టబట్టే ఇంటి సంగతులు ఊరేగుతున్నాయి" అన్నారు.

అదైనా సర్దుకుంటుందేమో. ఎర్ర సిరా సంగతే ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఆ కాగితం గువ్వే విప్పింది. మొత్తం చదివింది. మడిచి ఇచ్చేసింది. సాయంత్రం నర్సు గారి పిల్లలు వచ్చారు. దానికి "అద్దం", "చెరువు" వచ్చాయి. ఇంకో రోజైతే చాలాసేపు చూసి ఏదో ఒక వింత చెప్పేది. ఆ రోజు నా మొహం వైపు చూసింది. "రెండూ వస్తువులే" అంది. చెరువు వస్తువేమిటని ఆ పిల్లలు నవ్వారు. అది అట్టలు కింద పెట్టేసి గదిలోకి వెళ్లిపోయింది. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఆటకి రాలేదు. నిన్న మళ్లీ గ్లాసు చూపించింది.

మీరు మంచికే దిద్దారని నాకు తెలుసు. మీ మీద కోపం లేదనను. ఉంది. తగ్గాక మళ్లీ రాస్తాను.

మీ మరదలు

---

నవంబరు 27

అమ్మా, మరదలా,

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు మోకాలి దాకా ఉంది అడుసు. నీ ఉత్తరం చదివాక మీ అన్నయ్య చొక్కా తొడుక్కుని షాపుకి వెళ్లిపోయారు. ఒక మాట అన్నా బాగుండేది.

తమ్ముడికి వెంటనే రాశాను. నేను పొరబడ్డాననీ, నీ భార్య నీ గురించి నాకు ఒక్క చెడ్డమాట చెప్పలేదనీ, గువ్వని ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచమనీ స్పష్టంగా రాశాను. వాడు నమ్మాలి మరి. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం, నాకు తెలీదా.

ఇంకో సంగతి నీకు చెప్పకుండా ఉండలేను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు మూడో తరగతి టీచరు సెలవు పెడితే నేనే వెళ్లాను. నా సంచీలో నీ అట్టముక్కలున్నాయి. రెండు తీసి బోర్డు మీద రాశాను. "గంట", "విత్తనం". వీటికి లంకె ఏమిటో చెప్పండర్రా అన్నాను. తరగతి మొత్తం నోటుపుస్తకాలు తెరిచింది. పెన్నులు పట్టుకుంది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, ఏం రాయమంటారు?" అని అడిగింది. మీరే చెప్పాలి అంటే వాళ్లకి అర్థం కాలేదు. నేను జోక్ చేస్తున్నానని ఇద్దరు ముగ్గురు నవ్వారు. మంచి పిల్లలు, మా జిల్లాలో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు. ఒక్కళ్లకీ తమ జవాబు తమ దగ్గర ఉండొచ్చన్న ఊహే లేదు.

ఇంటికొచ్చి గువ్వ రాసినవి మళ్లీ తలుచుకున్నాను. దిద్దినవి నీకు పంపేశాను కదా, అయినా అన్నీ నోటికి వచ్చేశాయి, అంత బాగున్నాయి. లోపలే ఉండిపోతే అందరూ వెతుకుతారు అట. ఎనిమిదేళ్ల పిల్ల. పిట్ట కొంచెం కూత ఘనం అనే మాట ఇన్నాళ్లూ నేను అర్థం తెలియకుండానే వాడాను. నీ గురించి కూడా చెప్పాలి. ఏ ట్రైనింగూ లేకుండా, మిషను తొక్కుతూ, చొక్కాల అట్టలతో నువ్వు చేసింది నేను ఇంత పెద్ద భవనంలో చేయలేకపోయాను. మెచ్చుకోలు అనుకోకు, నిజం రాస్తున్నాను.

నేనే ఒక లంకె వేశాను. గువ్వకి ఇవ్వు. రెండు రోజులు పట్టింది. ఏ రంగు సిరాతో దిద్దినా పరవాలేదని చెప్పు. "అత్త, కుక్కరు: లోపలి ఆవిరి పట్టలేక రెండూ కూత పెడతాయి. కాసేపాగితే మూత తీయొచ్చు."

మీ వదిన

---

డిసెంబరు 8

వదినా,

ముందు ఫలితం చెప్పేస్తాను, లేకపోతే మీరు మధ్య పేజీలు వదిలేసి చివరికి వెళ్తారు. గువ్వ ఇంకో ఏడాది ఇంట్లోనే. ఆ మాట అన్నది నేను కాదు, మీరూ కాదు. మీ తమ్ముడు, బడి నుంచి తిరిగొస్తూనే.

మీ రెండో ఉత్తరం ఆయన్ని కదపలేదు. "మొన్న అలా రాసి, ఇవాళ ఇలా రాస్తోందంటే మధ్యలో నువ్వేదో రాసి ఉంటావు" అన్నారు. మనిద్దరం ఒక్కటైపోయామని ఆయన అనుమానం. మీ కుక్కరు లంకె గువ్వ చదువుకుంది, పెదవి చివర కాస్త నవ్వింది, అట్టముక్కల పక్కన పెట్టుకుంది. అంతే. ఆటకి మాత్రం కూర్చోలేదు. ఆరో తారీఖు పొద్దున తలదువ్వి, నేను ఊరందరికీ కుట్టే చొక్కాల్లో ఒకటి తొడిగి పంపాను. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే ఉన్నాను. మీరు ఏమైనా అనుకోండి, బాగా ఏడ్చాను.

అక్కడ జరిగింది ఆయన చెప్పిందే రాస్తున్నాను. మీ తమ్ముడు ఇంతసేపు మాట్లాడటం మా పెళ్లయ్యాక ఇదే మొదలు.

ఆ బడి పెద్దావిడ మంచి మనిషేనట. కూర్చోబెట్టి, గువ్వని దగ్గరికి పిలిచి, "ఈ ఏడాదంతా ఇంట్లో ఏం నేర్చుకున్నావమ్మా?" అని అడిగారట. గువ్వ బల్ల మీదకి చూస్తూ నిలబడింది. ఆవిడ కాసేపు చూసి, ఈయన వైపు తిరిగి, "మాటలు తక్కువా?" అని పెన్ను తీశారు. అవునండీ, కాస్త సిగ్గు అనే మాట ఈయన నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు గువ్వ మొహం చూశారట. పెదవులు కదులుతున్నాయి. ఇంట్లో బల్ల దగ్గర రెండు అట్టలు పట్టుకుని కూర్చునేటప్పటి మొహం అది. సంచీ పెట్టడానికి వచ్చిన ప్రతిసారీ చూశారు కానీ, అదేమిటో ఆయనకి అప్పుడే తెలిసింది.

"కాస్త ఆగండి మేడమ్" అన్నారట. ఆఫీసుల్లో కుర్చీ చివర కూర్చునే మనిషి వదినా. ఆవిడ తలెత్తి చూస్తే, "నేను లిఫ్టుల పని చేస్తానండీ. రావడం ఆలస్యమైతే జనం బటను నొక్కిందే నొక్కుతారు. ఎన్నిసార్లు నొక్కినా అది తొందరగా రాదు. మొదటిసారి నొక్కినప్పుడే బయల్దేరి ఉంటుంది" అన్నారట. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు.

బయట పిల్లలు వరండాలో పరిగెత్తే చప్పుడు. ఈయనకి చెమటలు పట్టాయట. అప్పుడు గువ్వ అంది: "దేన్నైనా దేనితోనైనా కలపొచ్చండీ. కానీ ఎందుకో మనమే చెప్పాలి."

ఆ ఎర్ర సిరా కాగితం తర్వాత అది అన్న మొదటి నిండు మాట అది. ఈయన మొహం పక్కకి తిప్పుకున్నారట. ఆ మాట నాకు చెప్తూ కూడా తిప్పుకున్నారు.

ఆవిడకి సరదా పుట్టింది. ఎలా కలుపుతారో చూపించమన్నారు. గువ్వ బల్ల మీద చూసి, చేతిగంటనీ గ్లోబునీ ఆవిడ ముందుకి జరిపి, "మీరు చెప్పండి" అంది. పెద్దావిడ ఏదో అనబోయి ఆగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గ్లోబు తిప్పారు. గంట పైకెత్తి కింద పెట్టారు. ఎంతకీ ఏమీ చెప్పడం లేదు. ఆవిడ ఇబ్బంది చూడలేక, ఏదో ఒకటి అందిద్దామని మీ తమ్ముడు నోరు తెరిచారట.

గువ్వ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు నాన్నా. ఆవిడకి వస్తోంది."

మీ మరదలు